బల్లన్నారు, రాళ్ళన్నారు, రాచపుండన్నారు

మా చర్చి సంఘంలో నా గురించి ఒక కథ నడుస్తోంది. టీచరమ్మకు క్యాన్సరు వచ్చిందట. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేస్తే, గుంటూరులో డొక్క కోసి చూసేసరికి ఆ క్యాన్సరు కాస్తా ఉత్త గడ్డగా మారిపోయిందట. మా ఆయన గుమాస్తాగా ఉన్న గురజాల తాలూకా కచేరీలో ఇంకో కథ నడుస్తోంది. గుంటూరు డాక్టరు అన్యాయంగా మంచి కిడ్నీ కోసి పారేశాడట. మేము నోరులేనివాళ్ళం కనక దావా వెయ్యకుండా ఊరుకున్నామట. నన్ను నోరులేనిదాన్ని అనేవాళ్ళు ఈ తాలూకాలో ఉన్నారని అప్పుడే తెలిసింది.

కోసింది నా డొక్క. తీసింది నా కిడ్నీ. ఈ కథలు చెప్పేవాళ్ళలో ఒక్కరూ నన్ను అడిగిన పాపాన పోలేదు. రెండు కథల్లోనూ ఉన్న అబద్ధం ఒకటే. కొయ్యకముందే అదేమిటో ఎవరికో ఒకరికి తెలుసన్నట్టు చెబుతారు. సంఘంవాళ్ళ లెక్కన దేవుడికి తెలుసు, కచేరీవాళ్ళ లెక్కన డాక్టరుకు తెలుసు. దేవుడి సంగతి నేను చెప్పలేను గాని మనుషుల్లో ఎవరికీ తెలియదు. రెండేళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. ఆ తెలియకపోవడంలో నేనెలా బతికానో రాస్తున్నాను. ఇలాంటి గడ్డే డొక్కలో పెట్టుకుని, ఎవరి మాట నమ్మాలో తోచక తిరుగుతున్న ఆడమనిషి ఎవరైనా దీన్ని చదివితే, కనీసం డాక్టరును ఏమడగాలో తెలుస్తుంది.

1961, వేసవి

మొదట అది నాకు గడ్డలా అనిపించలేదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి మేజా మీదికి వంగితే ఎడమ పక్కటెముకల కింద ఏదో అడ్డం పడేది. చీర కుచ్చిళ్ళు బిగిశాయేమో అనుకుని సర్దుకునేదాన్ని. సెలవుల్లో ఒకనాడు వెల్లకిలా పడుకుని చెయ్యి పెట్టి చూసుకున్నాను. కుచ్చిళ్ళు కావు, లోపల ముద్ద ఉంది. నొప్పి లేదు. జ్వరం లేదు.

గురజాలలో మాకు తెలిసిన పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చీర కాస్త పక్కకు తీయించి, చెయ్యి వెయ్యకముందే అన్నాడు:

"చిన్నప్పుడు బల్ల ఉండేదన్నమాట టీచరుగారూ."

బల్ల అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. చలిజ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళకు ఎడమవైపు ప్లీహం ఉబ్బి గట్టిగా చేతికి తగులుతుంది. దాన్నే మా వైపు కడుపులో బల్ల పెరిగిందంటారు. నా చిన్నతనంలో దానికి మందు కొడవలి మొన. ఎర్రగా కాల్చి డొక్క మీద వాతలు పెట్టేవాళ్ళు. రెంటచింతల పక్క పల్లెలో మా అమ్మమ్మ నన్ను ఒళ్ళో అదిమిపట్టి పెట్టించింది. ఆ మచ్చలు నాతోపాటే పెరిగి, సాగి, ఎడమ డొక్క మీద నల్లటి జెర్రుల్లాగా మిగిలాయి. మా తరంలో పల్నాటిలో పుట్టి ఈ మచ్చలు లేనివాళ్ళు అదృష్టవంతులు.

ఆయన ఆ మచ్చలు చూశాడు, వాటి కింద గడ్డ చూశాడు. లెక్క తేలిపోయింది.

"ముప్పై అయిదేళ్ళ కిందటి మాటండీ అది. ఇప్పుడు నాకు జ్వరమే లేదు. జ్వరం లేకుండా బల్ల ఎక్కడిది?" అన్నాను.

"లోపల ఉంటది జ్వరం. పైకి తెలవదు."

"మీకెట్టా తెలిసింది మరి?"

"మీ క్లాసులో పిల్లల్ని గూడా ఇట్టాగే అడగనిస్తారా?"

"అడక్కపోతే గోడకుర్చీ వేయిస్తాను."

ఆయన నవ్వి చేదు మిక్స్చరు రాశాడు. దాంతో నా చెవుల్లో హోరు మొదలైంది. క్లాసులో పిల్లలు జవాబు చెబుతుంటే ఏరు పారుతున్నట్టు వినిపించేది. ఆ రోజుల్లో మలేరియా వాళ్ళు ఇంటింటికీ తిరిగి వేలు గుచ్చి రక్తం తీసుకుపోయేవాళ్ళు. నా రక్తంలో ఏమీ లేదని చెప్పారు. ఆ మాట డాక్టరుకు చెప్పాను. "బల్ల ఉన్నదిగా మరి" అన్నాడు. బల్ల ఉంది కనక మలేరియా, మలేరియా వచ్చింది కనక బల్ల. ఆ గానుగ చుట్టూ నన్ను చాలా నెలలు తిప్పారు.

దసరా సెలవుల్లో గుంటూరులో ఒక ఆసుపత్రికి పోయాం. అక్కడి కుర్ర డాక్టరు నా చుట్టూ నలుగురు విద్యార్థుల్ని నిలబెట్టి, నా డొక్క వైపు పెన్సిలు చూపించి, "వాతలు చూశారా? వాతలుంటే ప్లీహమే" అని పాఠం చెప్పాడు. పాఠం అయ్యాక నేనక్కడ ఉన్న సంగతి గుర్తొచ్చి, "పెద్దగా భయంలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు సంతోషించి ఇంటికొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. భయం లేదంటే ఎవరికి చేదు?

1962, వానాకాలం

వాన పడుతున్న రోజు, బడినించి వచ్చి చూసుకుంటే మూత్రంలో రక్తం. నడుములోంచి గజ్జలోకి సలుపు. మళ్ళీ పెద్ద డాక్టరు. ఈసారి ఆయన తడుముకోలేదు.

"రాళ్ళు."

"అయితే బల్ల?"

"అది వేరు, ఇది వేరు."

మా అత్తగారికి మాత్రం రాళ్ళ మాట నచ్చింది. పేరున్న జబ్బు, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్న జబ్బు. "మన బావి నీళ్ళు తాగినోళ్ళకి రాళ్ళు గాక రత్నాలు పుడతయ్యా?" అని, తెల్లవారుతూనే కొండపిండి ఆకు కషాయం, మధ్యాహ్నం ఉలవకట్టు, సాయంత్రం బార్లీ నీళ్ళు. ఆమె పేరు మరియమ్మ. నాతో పడదు గాని నా మంచం దగ్గర గ్లాసు ఖాళీగా ఉండనిచ్చేది కాదు. తాగకపోతే పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. చూస్తూ కూర్చునేవాళ్ళతో వాదించడం నాకు చేతకాదు. తాగేదాన్ని.

ఎక్స్‌రే తీయించారు. రాయి కనిపించలేదు. "కొన్ని రాళ్ళు ఫిలిమ్‌లో పడవు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి తెలియని జ్వరం, ఫిలిమ్‌లో పడని రాయి. కనిపించనివాటికన్నింటికీ మందులు రాస్తున్నారు. చెయ్యి పెడితే తగిలే గడ్డను అడిగితే, అది చిన్నప్పటిదంటున్నారు. అప్పటికి అది పెరిగిందని నాకు తెలుసు. పక్కకు తిరిగి పడుకుంటే నాతోపాటు అదీ తిరిగేది.

మా ఆయన దైవసహాయం నెమ్మదస్తుడు. "డాక్టర్ల కంటే నీకెక్కువ తెలుసా?" అనేవాడు. "నా డొక్క గురించి తెలుసు" అనేదాన్ని. మా అమ్మాయి సరోజ అప్పుడు స్కూలు ఫైనలుకు చదువుతోంది. మా ఇద్దరి అరుపులు మొదలైతే పుస్తకం తీసుకుని పెరట్లోకి పోయేది. ఆ ఏడాది ఆ పిల్ల చదువంతా పెరట్లోనే సాగింది.

1963, సంక్రాంతి వెళ్ళాక

బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు. బోర్డు మీద దేశపటం తగిలిస్తుంటే ఎడమ డొక్కలో ఎవరో పిడికిలితో పొడిచినట్టయింది. పటం నా మీద పడింది. లేచేసరికి హెడ్‌మాస్టరు గదిలో బెంచీ మీద ఉన్నాను. చేతులు మంచులా ఉన్నాయి. మా ఆయన కచేరీనించి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

మర్నాడు పొద్దున రైలుబండిలో గుంటూరు బయల్దేరాం. నడికుడిలో బండి చాలాసేపు ఆగింది. పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను మా ఆయన భుజం మీద వాలి, కేకలు పెట్టకుండా పళ్ళు బిగించుకుని ఉన్నాను. కృష్ణ అవతలనించి వచ్చిన ఒక పెద్దావిడ, మిరపకాయ బస్తాల మీద కూర్చున్నది, నన్ను చూసి లేచింది. "ఏందయ్యా, మనిషిని గట్ల కూసోబెట్టినవ్? పండుకోనియ్యి" అని మా ఆయన్ని గదమాయించి, బెంచీ మీద ఉన్నవాళ్ళందర్నీ లేపింది. సత్తెనపల్లి దాకా తన కొంగుతో నాకు విసిరింది. ఏ ఊరో, ఏం పేరో అడగలేకపోయాను. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది ఆ కొంగు గాలి, అందులోని మిరపకాయ ఘాటు.

ఈసారి గుంటూరులో ఇంకో ఆసుపత్రికి, ఒక సర్జను దగ్గరికి పోయాం. యాభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడతాడు. నన్ను మోకాళ్ళు మడిచి పడుకోమని, ఒక చెయ్యి నడుము వెనక, ఒక చెయ్యి డొక్క మీద పెట్టాడు. వెనకనించి మెల్లగా ఎగదోస్తే గడ్డ ఆయన పై చేతికి వచ్చి తగిలింది. అది నాకే తెలిసింది. ఆయన మళ్ళీ చేసి చూశాడు.

"ఈ వాతలు ఎవరు పెట్టారమ్మా?"

"మా అమ్మమ్మ."

"అయితే ఇన్నాళ్ళూ మీకు రోగం చెప్పింది ఆవిడే. బల్ల ముందు ఉంటుంది. ఇది వెనకనించి వస్తోంది. ఇది కిడ్నీ."

రెండేళ్ళలో ఒక డాక్టరు మచ్చల్ని వదిలి గడ్డను పట్టుకోవడం అదే మొదలు. నాకు భయం కంటే ముందు సంతోషం కలిగింది. చెబితే నవ్వుతారు గాని, నేను చెప్పింది నిజమైంది కదా అని.

రంగు మందు ఎక్కించి ఫిలిం తీశారు. ముందురోజు ఆముదం, ఆ తర్వాత చుక్క నీళ్ళు లేవు. చేతి నరంలోకి మందు పోతుంటే నోట్లో ఇనుము రుచి, ఒళ్ళంతా వేడినీళ్ళు కుమ్మరించినట్టు. పొట్టకు పటకా బిగించి, ఊపిరి బిగబట్టమంటారు, వదలమంటారు. అయిపోయాక వరండాలో కూర్చోబెట్టారు. సర్జను తడి ఫిలిం కిటికీకి అడ్డం పెట్టి చూస్తున్నాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేశాడు.

బయటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు మా ఆయన. "కాఫీ తాగుతావా?" అన్నాడు.

"ఇక్కడి కాఫీ కుడితి."

"అవును."

"నన్ను పెందలాడే తీసుకురమ్మంటే మీరు వినలేదు."

"అవును."

పెళ్ళయి ఇరవయ్యేళ్ళు. ఆయన నా మాటకు రెండుసార్లు వరసగా ఔననడం నేనెరగను. పరీక్షించడానికి అన్నాను:

"మీ అమ్మకు బొత్తిగా బుద్ధిలేదు."

"పోనీలే" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"ఏమన్నాడు డాక్టరు?"

"ఏం లేదు. చిన్న గడ్డంట."

"ఏమండీ, నేను పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అబద్ధం చెప్పే మొహం ఎట్టా ఉంటదో నాకు తెలుసు."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తువ్వాల్లోంచే చెప్పాడు క్యాన్సరని.

నేను లేచి తలుపు తోసుకుని లోపలికి పోయాను. "నా ఒంట్లోది ఆయనకు చెప్పి నాకు చెప్పకపోవడమేమిటి? గడ్డ ఆయనకు వచ్చిందా?" అన్నాను.

సర్జను కుర్చీ చూపించాడు. "మీకు చెబితే తట్టుకోలేరేమోనని."

"ఆయన తట్టుకున్న తీరు బయటికి పోయి చూడండి."

ఆయన ఫిలిం తెచ్చి చూపించాడు. కుడివైపు చక్కగా పువ్వు విచ్చుకున్నట్టు ఉంది. ఎడమవైపు ఆ రేకుల్ని ఎవరో పట్టుకుని లాగి సాగదీసినట్టు ఉంది. మధ్యలో గడ్డ.

"చాలావరకు కిడ్నీలో ఇలాంటివి చెడ్డవే అమ్మా. కిడ్నీతో సహా తీసెయ్యాలి."

"చాలావరకు అంటే, అన్నీ కావు గదా?"

"అన్నీ కావు."

"ఇది ఏదో తెలుసా?"

"తెలియదు."

ఆ రెండేళ్ళలో డాక్టరు నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ మాటకే ఆయన్ని నమ్మాను. కాని వదల్లేదు.

"సూది గుచ్చి ముక్క తీసి చూడొచ్చు గదా?"

"చెడ్డదైతే సూది దారెంట బయటికి చిందొచ్చు. పైగా ఇది రక్తం కారుతున్న గడ్డ. గుచ్చితే ఆగకపోవచ్చు."

"పోనీ, తెరిచి చూసి, మంచిదనిపిస్తే మూసెయ్యండి."

"కంటికి తెలియదమ్మా. బయటికి తీసి, పల్చటి ముక్కలు కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తేగాని తెలియదు. తప్పు తీస్తే ఒక కిడ్నీ పోతుంది. తప్పు వదిలితే మీరు పోతారు."

ఆ చివరి మాట ఆయన నా కళ్ళలోకి చూస్తూ అన్నాడు. నేనింక ఏమీ అడగలేదు. నేను అడగడానికి ఏమీ లేకపోవడంతో నాకు చాలా భయం వేసింది.

ఆ వారం

వార్డులో చేర్చారు. పక్క మంచం మీద మాచర్లనించి వచ్చిన ఖాసింబీ. వాళ్ళాయన డ్యాము పనుల్లో మెకానిక్కు. ఆమెకు కిడ్నీలోంచి రాయి తీశారు. ఆ రాయిని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఆ సీసా ఆడించి చూపించేది.

"చూడక్కా, చింతగింజంత. దీంతోనే మూడేళ్ళు చచ్చాను."

నాకు ఆ సీసా మీద అసూయ కలిగింది. ఆమె రోగానికి పేరుంది, ఆకారం ఉంది. ఆడిస్తే చప్పుడు కూడా ఉంది. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె సీసా నా చేతిలో పెట్టింది. "నీది వచ్చిందాకా ఇది ఉంచుకో. పడుకోబోయేముందు ఆడించుకో" అంది. పొట్ట పట్టుకుని నవ్వాం ఇద్దరం. తనకు కుట్లు, నాకు గడ్డ. నవ్వితే ఇద్దరికీ నొప్పే.

మా అత్తగారు, సంఘ పెద్దలు, పాస్టరు అయ్యగారు బండెక్కి వచ్చారు. అత్తగారు మంచం పట్టె మీద కూర్చుని మొదలుపెట్టింది.

"కోతలొద్దు. రాచపుండుకి కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుద్దంట. అయ్యగారు నూనె రాసి ప్రార్థన చేస్తారు. ఇంటికి పోదాం పద."

"రాచపుండని ఎవరన్నారు?"

"వాడే అన్నాడు గందా!" అని కొడుకును చూపించింది.

మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి గోడ చూస్తున్నాడు. ఆయన తమ్ముడేమో మద్రాసు తీసుకుపొమ్మంటున్నాడట. కచేరీలో ఎవరో ఆకుమందు చెప్పారట. ఇన్ని సలహాల మధ్య ఆయన మీసం మీద కన్నీళ్ళు నిలిచి ఉన్నాయి. జాలేసింది. కాని నా జాలి మాటల్లో రాదు. "మీరు గోడతో సంప్రదించి చెప్పండి" అన్నాను.

అయ్యగారు అత్తగారి పక్షం చేరతాడని, నేను ఆయనకు చెప్పాల్సిన జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన మంచం దగ్గరికొచ్చి, "ప్రార్థన చేద్దాం మరియమ్మా, కోయిద్దాం కూడా. ఒకటి చేస్తే రెండోది చెయ్యకూడదని ఎక్కడుంది?" అన్నాడు. నా జవాబులన్నీ వృథా అయ్యాయి.

రక్తం కావాలన్నారు. మా ఆయనది కలవలేదు. రక్తం అనేసరికి సంఘ పెద్దలకు మాచర్ల బండి టైమైంది. అయ్యగారు చొక్కా చేతులు మడిచాడు. ఆయనది కలిసింది. అరవైకి దగ్గరపడిన మనిషి, బక్కపల్చటి మనిషి. రక్తమిచ్చి, కళ్ళు తిరిగి, వరండాలో తలకింద బైబిలు పెట్టుకుని పడుకున్నాడు. మా అత్తగారు ఆయనకు విసురుతూ నన్ను తిట్టింది.

ఆపరేషనుకు సంతకం మా ఆయన చేస్తే చాలన్నారు. కింద నేనూ చేస్తానన్నాను. "అవసరం లేదమ్మా" అంది నర్సు. "నాకుంది" అన్నాను.

ఆ తర్వాత

మొహం మీద మందు వాసన, మెలకువ వచ్చేసరికి దాహం. డొక్క ఎడమవైపు వెనకనించి ముందుదాకా నిప్పుల గీత. ఆ నొప్పి సంగతి ఎక్కువ రాయను. కుట్లు మానాయి.

మానంది వేరే ఉంది. తీసిన కిడ్నీని పరీక్షకు దూరం పంపించారు. జవాబు ఆలస్యమవుతుందన్నారు. తీసిందాకా భయం ఒక రకం, తీశాక ఇంకో రకం. చెడ్డదైతే ఎక్కడెక్కడికి పాకిందో అన్న భయం. మంచిదైతే? మంచిదైతే అని అనుకోవడానికి కూడా భయమే, ఊరికే కోయించుకున్నానా అని. రెండు వైపులా నాకు నిలబడటానికి చోటు లేదు. సరోజ పరీక్షలకు ముందు ఒక ఆదివారం వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నువ్వు ఎవర్నీ తిట్టట్లేదేందే?" అంది. ఆ పిల్ల కళ్ళల్లో ఉన్న బెదురు చూసి, ఆయాను పిలిచి దుప్పటి సరిగా పరవలేదని గట్టిగా కేకలేశాను. సరోజ మొహం తేటపడింది. ఆయా మాత్రం నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఖాసింబీ వెళ్ళిపోతూ సీసా తీసుకుంది. "నీది నీకిస్తారులే అక్కా" అంది. నాది నాకివ్వలేదు.

ఒక మధ్యాహ్నం సర్జను ఒక్కడే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మా ఆయన్ని బయటికి పిలవలేదు.

"అది క్యాన్సరు కాదమ్మా."

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. కుట్లు లాగేదాకా ఏడ్చి, తిరిగి చూశాను.

"మరేంటి?"

"కొవ్వు, రక్తనాళాలు, కాస్త కండ. మూడూ కలిసి ముద్దగా పెరిగాయి. చాలా అరుదు. పుస్తకంలో చదివాను గాని, చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి."

"మంచిదన్నమాట."

"పాకేది కాదు. రక్తం కారేది. బడిలో మీరు పడిపోయింది అందువల్లే."

"మళ్ళీ కారేదా?"

"కారొచ్చు."

"ప్రాణం పోయేదా?"

"పోవచ్చు. పోకపోవచ్చు."

"మీరు 'వచ్చు' లేకుండా ఒక్క మాట చెప్పలేరా డాక్టరుగారూ?"

"చెప్పాను గదమ్మా. క్యాన్సరు కాదు."

"ముందే తెలిస్తే నా కిడ్నీ ఉంచేవారా?"

"గడ్డ మటుకు తీసి, మిగతాది ఉంచడానికి ప్రయత్నించేవాణ్ణేమో. కాని తియ్యకుండా నాకు తెలిసేది కాదు. తెలియకుండా వదిలేసే ధైర్యం నాకు లేదు" అన్నాడు.

అందుకే కచేరీవాళ్ళతో చెబుతున్నాను. దావా దేనిమీద వెయ్యమంటారు? ఆయన నన్ను మోసం చెయ్యలేదు. ఆయన దగ్గరున్న కళ్ళతో ఆయన చూశాడు. నా కోపం ఆ కళ్ళు చాలనందుకు. దాన్ని ఏ కోర్టులో వెయ్యాలో చెబితే ఇప్పుడే వేస్తాను.

ఇంటికొచ్చాక

మా ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టారు. పందిరి, చాపలు, వచ్చినవాళ్ళందరికీ పులిహోర. పాటలయ్యాక అయ్యగారు నా వైపు చూసి, "ప్రభువు నీ క్యాన్సరును తొలగించిన సంగతి నీ నోటితో సాక్ష్యం చెప్పు తల్లీ" అన్నాడు.

నేను లేచాను. "నాకు క్యాన్సరు లేదు. లేనిదాన్ని తొలగించే పని ఎవరికీ ఉండదు. నా గడ్డ ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఒక కిడ్నీ పోయింది. నేను బతికాను. దేవుడికి స్తోత్రం" అని కూర్చున్నాను.

చాపల మీద ఉన్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మా అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏమే, అయ్యగారు అడిగినట్టు చెబితే నీ బియ్యే పట్టా అరిగిపోద్దా?"

"స్తోత్రం వెయ్యిసార్లంటాను అత్తయ్యా. అబద్ధం ఒక్కసారి అనను."

"ఈ నోరు గూడా కోసి పంపాల్సింది ఆ డాక్టరు!"

అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. అందరూ పోయాక ఆయన గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "నేను అబద్ధమాడలేదమ్మా. డాక్టరు ముందు క్యాన్సరన్నాడు. తర్వాత కాదన్నాడు. మధ్యలో నేను ప్రార్థన చేశాను. నాకు కనిపించిందే చెప్పాను."

"మధ్యలో మీ రక్తం కూడా ఉంది గదండీ. అది చెప్పరెందుకు?"

"అది చెప్పుకునేది కాదు తల్లీ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన కథను నేనొప్పుకోను. కాని ఆయన్ని వెక్కిరించేవాళ్ళెవరైనా నా ముందు నోరెత్తితే ఊరుకోను.

ఇప్పుడు

మూడేళ్ళు దాటింది. బడికి పోతున్నాను. డొక్క ఎడమవైపు కోత గీత ఎండాకాలంలో దురద పెడుతుంది. మా ఆయన మళ్ళీ నాతో వాదిస్తున్నాడు. ఆయన వాదించే ప్రతి సాయంత్రం నాకు సుఖంగా నిద్ర పడుతుంది.

ఏడాదికోసారి గుంటూరు పోతాను. సర్జను రమ్మన్నాడు. ఇలాంటి గడ్డలు కొందరికి రెండు కిడ్నీల్లోనూ వస్తాయని చదివానని ఆయనే చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు మంచిదే అన్నాను గాని, ఆ మాట విన్న రోజునించి నా చెయ్యి దానంతటదే కుడి డొక్క మీదికి పోతుంది. క్లాసులో పాఠం చెబుతున్నా పోతుంది. మళ్ళీ ఆముదం, మళ్ళీ నోట్లో ఇనుము రుచి, మళ్ళీ ఆయన కిటికీ దగ్గర ఫిలిం పట్టుకుని నాకు వీపు తిప్పి నిలబడటం. ఇప్పటిదాకా, "బాగుందమ్మా" అంటూనే తిరిగాడు.

ఇది చదివే డాక్టర్లు ఎవరైనా ఉంటే వాళ్ళను అడుగుతున్నాను. మా సర్జనును కూడా అడిగాను, ఆయన ఫిలిం కవరులో పెట్టి, వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నాడు. ఎడమదానికి నేను జవాబు అడగడం లేదు, అది పోయింది. కుడివైపు ఉన్న ఈ ఒక్కదానిలో రేపు అలాంటి గడ్డే కనిపిస్తే, బయటికి తీసి చూస్తేగాని మంచిదో చెడ్డదో చెప్పలేమని అప్పుడు కూడా అంటారా?